మినీ స్ట్రోక్ వచ్చి తగ్గిపోయాక: జనం నన్ను అడిగేవి, నేను రాత్రిళ్ళు నన్నే అడుక్కున్నవి

నేను డాక్టర్ని కాదండి. కాకినాడలో ఓ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని, వయసు 48. రెండేళ్ళ కిందట నాకు టీఐఏ వచ్చింది, అంటే మినీ స్ట్రోక్. అప్పట్నుంచి చుట్టాలు, కొలీగ్స్, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటే చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నా. మందులు మార్చుకోవడం, మానేయడం లాంటివి మాత్రం నా మాట పట్టుకుని చెయ్యొద్దు, మీ న్యూరాలజిస్ట్‌ని అడగండి.

అసలు మీకేం జరిగింది?

మే నెల, ఆవకాయ పెడుతున్నాం. పెద్ద బేసిన్‌లో ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు వేసి నూనె పోసి చేత్తో కలుపుతున్నా. ఉన్నట్టుండి కుడిచెయ్యి ఆగిపోయింది. నొప్పి లేదు, తిమ్మిరి కూడా కాదు, చెయ్యి ముక్కల మధ్యలో అలాగే ఉంది, పిండి అంటుకునే ఉంది, కానీ అది ఎవరిదో చెయ్యిలా ఉంది. "అత్తయ్యా, ఉప్పు" అందామని నోరు తెరిస్తే "ఉ... ఉ..." తప్ప రావట్లేదు. కారం ఘాటు తలకెక్కిందనుకుని మా అత్తగారు మంచినీళ్ళు తాగించారు, ఆ నీళ్ళు మూతి కుడి పక్కనుంచి జాకెట్ మీదకి కారిపోయాయి.

పన్నెండు నిమిషాలు. తర్వాత అంతా మామూలే, ఏమీ జరగనట్టే. ఇంకో తెలివితక్కువ పని ఏంటంటే మిగతా ఆవకాయ కూడా నేనే కలిపి జాడీకెత్తి గుడ్డ కట్టా. సాయంత్రం దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే "ఎండలమ్మా, వీక్‌నెస్" అని బీ12 ఇంజెక్షన్ చేసి పంపారు. రాత్రి మా అమ్మాయికి ఫోన్లో నవ్వుతూ చెప్పా. తను ఫిజియోథెరపీ చదువుతోంది, అటువైపు నవ్వలేదు. వాళ్ళ నాన్నకి ఫోన్ ఇమ్మంది, అరగంటలో మేం పెద్దాసుపత్రిలో ఉన్నాం. బీపీ 178/104, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 161, ఎంఆర్ఐ క్లీన్, మెడలో రక్తనాళానికి కొంచెం కొవ్వు పట్టింది. ఎప్పుడూ బీపీ చూపించుకోలేదు నేను. తలనొప్పి రావట్లేదుగా, బీపీ ఎందుకుంటుందీ అనుకునేదాన్ని.

ఇదీ పక్షవాతం ఒకటేనా?

పుట్టుక ఒకటే. మెదడుకెళ్ళే రక్తనాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డం పడుతుంది. అది అక్కడే ఉండిపోయి ఆ భాగం చచ్చుబడితే స్ట్రోక్, కరిగిపోయో కదిలిపోయో రక్తం మళ్ళీ పారితే టీఐఏ. డ్రిప్ పైపులో నలక అడ్డం పడి దానంతటదే పోయినట్టు. ఇదివరకు 24 గంటల్లోపు తగ్గిపోతే టీఐఏ అనేవాళ్ళు, 2009లో అమెరికా డాక్టర్ల సంఘాలు ఆ లెక్క మార్చి స్కాన్‌లో మెదడు దెబ్బతిన్న మచ్చ ఉందా లేదా అని చూడాలన్నాయి. ఎందుకంటే గంటలో తగ్గిపోయిన వాళ్ళల్లో కూడా కొందరికి ఎంఆర్ఐలో మచ్చ కనపడుతుంది. మామూలుగా అయితే చాలా టీఐఏలు గంట లోపే సర్దుకుంటాయి.

తగ్గిపోయింది కదా, ఇంకెందుకు ఆసుపత్రి?

ఈ ఒక్క ప్రశ్న కోసమే నేనిదంతా రాస్తున్నాననుకోండి. తగ్గింది గడ్డ అడ్డం పడటం, గడ్డ ఎందుకు తయారైందో ఆ కారణం అలాగే ఉంది. పెద్ద స్ట్రోక్ వచ్చే రిస్క్ అన్నిటికన్నా ఎక్కువ ఉండేది మొదటి రెండు రోజుల్లో, ఆ తర్వాత మూడు నెలల దాకా కూడా ఎక్కువే. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక స్టడీ వచ్చింది, టీఐఏ గానీ చిన్న స్ట్రోక్ గానీ వచ్చినవాళ్ళకి వెంటనే చూసి మందులు మొదలుపెడితే మూడు నెలల్లో మళ్ళీ స్ట్రోక్ రావడం సుమారు నూటికి పదిమంది నుంచి ఇద్దరికి తగ్గింది. కొత్త మందులు కావు అవి, మామూలు ఆస్పిరిన్, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్రలే, కాకపోతే వారాలు ఆగకుండా వెంటనే ఇచ్చారంతే. నేను ఆ పగలంతా ఆవకాయ కలుపుతూ కూర్చున్నానని తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

స్కాన్, మెడ డాప్లర్ (మెడ రక్తనాళాల స్కాన్), ఈసీజీ, ఎకో, షుగర్, లిపిడ్ ఇవన్నీ అందుకే. గుండె లయ తప్పుతోందేమో చూడటానికి కొంతమందికి హోల్టర్ అని 24 గంటలు గానీ ఇంకా ఎక్కువ రోజులు గానీ ఒంటికి తగిలిస్తారు. అలా లయ తప్పేది దొరికితే మందే వేరు, ఆస్పిరిన్ సరిపోదు, రక్తం గడ్డ కట్టకుండా ఇంకో రకం ఇస్తారు. మెడ నాళం బాగా మూసుకుపోయి ఉంటే రెండు వారాల్లోపు ఆపరేషన్ అవసరం పడొచ్చు. "తర్వాత చూద్దాం" అనుకునే టెస్టులు కావివి.

మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి?

మూతి వంకర, చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, మాట ముద్దగా రావడం లేదా రాకపోవడం, ఒక కన్ను మసకబారడం, ఉన్నట్టుండి నిలబడలేక తూలిపోవడం. ఇందులో ఏ ఒక్కటొచ్చినా 108. ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, అందుకని టైం చూసి పెట్టుకోవడం చాలా ముఖ్యం. నిద్రలో వస్తే ఆఖరిసారి బాగున్నది ఎప్పుడో ఆ టైం చెప్పాలి. "కాసేపు చూద్దాం, పోయినసారి తగ్గిపోయిందిగా" అనొద్దు, ఈసారిది కూడా తగ్గేదో తగ్గనిదో ఆ నిమిషంలో ఎవరికీ తెలీదు.

నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, మా అత్తగారు చేసినట్టు. మింగడం సరిగ్గా రాకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా మనంతట మనం మింగించొద్దు, గడ్డ కాకుండా రక్తస్రావం అయితే అది ఇంకా ముంచుతుంది, స్కాన్ తీస్తే గానీ తెలీదు. వాట్సాప్‌లో వస్తుంది చూడండి, సూదితో పది వేళ్ళూ గుచ్చి రెండేసి చుక్కల రక్తం తీస్తే తగ్గిపోతుందని, ఉత్తి అబద్ధం. ఆ సూది వెతికే టైంలో అంబులెన్స్ వీధి చివరికొచ్చేస్తుంది.

భయం పోవట్లేదు. ప్రతి తిమ్మిరికీ గుండె ఆగినంత పనవుతోంది. మీకూ ఇలాగే ఉండేదా?

ఇంతకన్నా ఎక్కువ ఉండేది. మొదటి మూడు నెలలు అర్ధరాత్రి రెండింటికి మెలకువొచ్చి చీకట్లో కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు ఆడించి చూసుకునేదాన్ని. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి లైటేసి అద్దంలో పళ్ళు కనపడేలా నవ్వి, "కాకినాడ కాజా, కాకినాడ కాజా" అని గొణుక్కునేదాన్ని, మాట తిరుగుతోందో లేదో అని. ఒకరోజు మా ఆయన లేచి తలుపు దగ్గర నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు. పొద్దున్నే "కాజా కావాలా, తెమ్మంటావా" అన్నారు. ఇద్దరం నవ్వాం, తర్వాత నేను చాలాసేపు ఏడ్చా.

బీపీ మిషన్ కొన్న కొత్తలో రోజుకి పధ్నాలుగు సార్లు చూసుకున్న రోజులున్నాయి. చూసుకునే కొద్దీ పెరుగుతుంది, పెరిగే కొద్దీ మళ్ళీ చూసుకుంటాం. డాక్టరుగారు మిషన్ మా ఆయన బీరువాలో పెట్టించారు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కాళ్ళు నేల మీద పెట్టి కూర్చున్నాక, కాఫీ తాగిన అరగంట తర్వాతే, పుస్తకంలో రాసి మూసెయ్యడం. అదొక్కటే సగం భయం తీసేసింది.

ఇంకోటి నాకు పనికొచ్చింది, కంగారుకీ స్ట్రోక్‌కీ తేడా తెలుసుకోవడం. కంగారులో వచ్చే తిమ్మిర్లు రెండు చేతులకీ, మూతి చుట్టూ, మెల్లగా పాకుతూ వస్తాయి, ఊపిరి వేగంగా తీస్తుంటాం, గుండె దడదడలాడుతుంది. టీఐఏ మామూలుగా ఒక పక్కనే, ఠక్కున, ఉన్నది పోయినట్టు వస్తుంది. బలం పోవడం, మాట పోవడం, చూపు పోవడం. అలాగని ఈ తేడా పట్టుకుని ఇంట్లో కూర్చుని తీర్పులు చెప్పుకోవద్దు, మూతి, చెయ్యి, మాట వీటిలో ఏది తేడాగా ఉన్నా వెళ్ళిపోవడమే. నేను రెండుసార్లు ఊరికే వెళ్ళొచ్చా, ఎవరూ ఏమీ అనలేదు, అన్నా పర్లేదు.

భయం నెలల తరబడి తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, ఏదీ చెయ్యబుద్ధి కాకపోతే అది మీ మనసు బలహీనత కాదు, టీఐఏ తర్వాత డిప్రెషన్, యాంగ్జయిటీ బాగానే వస్తాయి. నేను కౌన్సెలర్ దగ్గరికి ఆరుసార్లు వెళ్ళా. "పిచ్చి డాక్టర్ దగ్గరికి దేనికే" అంది మా పెద్దమ్మ, సరే అననీ. డబ్బులు కుదరని వాళ్ళకి గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబర్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. డిప్రెషన్‌కి మాత్రలు రాస్తే మీరు ఆస్పిరిన్ లాంటివి వాడుతున్నారని ఆ డాక్టరుకి చెప్పండి, కొన్నిటితో రక్తం కారడం పెరగొచ్చు.

రిపోర్టులన్నీ నార్మల్, కానీ సాయంత్రానికి ఒళ్ళు పనిచెయ్యదు. ఇది నిజమేనా, నా ఊహా?

నిజమేనండి. స్కాన్‌లో అలసట కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్ళు నమ్మరు, అదే పెద్ద నరకం. నాకు మధ్యాహ్నం రెండయ్యేసరికి ఫీజుల రిజిస్టర్లో అంకెలు ఈదుతున్నట్టుండేవి. తెలిసిన పిల్లాడి పేరు నాలిక చివర్న ఆగిపోయేది, స్టేప్లర్ అనడానికి "అది... ఆ కొట్టేది" అనేదాన్ని. ఇవన్నీ ఆర్నెల్లలో చాలావరకు తగ్గాయి. కష్టమైన పనులన్నీ పొద్దున పదకొండు లోపు పెట్టుకున్నా, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు స్టాఫ్ రూంలో కళ్ళు మూసుకునేదాన్ని, ఓపికున్న రోజు రెండు రోజుల పని చేసేయడం మానేశా, ఎందుకంటే ఆ తర్వాత రెండు రోజులు మంచమే.

కాకపోతే అలసట అంతా స్ట్రోక్ ఖాతాలో రాసెయ్యకండి. థైరాయిడ్, రక్తం తక్కువ, బీపీ మాత్ర డోసు ఎక్కువై బీపీ మరీ కిందకి పోవడం, గురక పెట్టి నిద్రలో ఊపిరాగడం, ఇవన్నీ చూపించుకోవాలి. ఆ గురక రోగం స్ట్రోక్‌కి కూడా కారణమే, చాలామందికి తెలీదు.

ఊరికే ఏడుపొస్తోంది, పిల్లల మీద అరుస్తున్నా.

నేనూ అంతే. మా వాడు ఇంటర్, ఫోన్ చూస్తుంటే రిమోట్ విసిరా. "నేను పోతే మీకేం కావాలి" అన్న మాట కూడా వచ్చేసింది నోట్లోంచి. వెనక్కి తీసుకోలేం కదా. కొన్నాళ్ళకి వాణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పా, 108కి ఏం చెప్పాలో, నా మందుల చీటీ ఎక్కడుందో చూపించా. పిల్లలకి పని అప్పజెప్తే వాళ్ళ భయం కూడా తగ్గుతుంది, దాచిపెడితే వాళ్ళు గూగుల్‌లో చూసుకుని ఇంకా భయపడతారు.

మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి?

చాలామందికి మొదట్లో రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ఇస్తారు, మామూలుగా 21 రోజులు, తర్వాత ఒకటి ఆపేసి ఒకటి కొనసాగిస్తారు. "రెండూ వాడితే ఇంకా మంచిది కదా" అని నెలల తరబడి లాగొద్దు, రక్తస్రావం రిస్క్ పెరుగుతుంది. ఒక్కోసారి చీటీలో రాసుంటే మెడికల్ షాపు వాడు ఇస్తూనే ఉంటాడు, అడిగి కనుక్కోండి. ఆ రెండిట్లో కొనసాగించే ఒకటి, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, ఇవి దాదాపు జీవితాంతం. బీపీ నార్మల్ వచ్చింది కాబట్టి మాత్ర మానేశాననే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అది నార్మల్ వచ్చింది బాబూ. నాకు పెట్టిన టార్గెట్లు బీపీ 130/80 లోపు, ఎల్‌డీఎల్ 70 లోపు.

గ్యాస్ మాత్ర అందరి ఇంట్లో ఉంటుంది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఒమెప్రజోల్ వేసుకుంటే దాని పని తగ్గుతుంది, అందుకే డాక్టర్లు ఎక్కువగా పాంటోప్రజోల్ రాస్తారు. మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, పారాసెటమాల్ దాకా పర్లేదు. పన్ను పీకించుకోవాలన్నా ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు, పళ్ళ డాక్టరూ న్యూరాలజిస్టూ మాట్లాడుకోవాలి.

పావురం రక్తం రాస్తే, పసరు తాగితే...

వద్దండి. మా పెద్దనాన్న ఊరి నుంచి పసరు సీసా పట్టుకుని బస్సెక్కి వచ్చారు పాపం, ఆయన ప్రేమని కాదనలేక తీసుకుని గట్టు మీద పెట్టా, అక్కడే ఉంది. టీఐఏ దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఏ మందు వేసినా అదే తగ్గించినట్టు కనపడుతుంది, ఈ మందులకి పేరొచ్చింది చాలావరకు అలాగే.

తిండి సంగతి? పచ్చళ్ళు పూర్తిగా మానేయాలా?

ఉప్పు రోజుకి అన్నీ కలిపి 5 గ్రాములు మించొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక టీస్పూన్‌కి కాస్త తక్కువ. మా ఇంటి ఆవకాయ కొలత గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ముప్పావు గిన్నె ఉప్పు. ఇక లెక్క మీరే వేసుకోండి. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, సాంబారు పక్కన చిప్స్, అన్నిటిలోనూ ఉప్పే. నేను పచ్చడి పూర్తిగా మానలేదు, ఆదివారం ఒక్క ముక్క, మిగతా రోజుల్లో రోటి పచ్చడి ఉప్పు తక్కువేసి నిమ్మకాయ పిండుకుని. మొదటి నెల చప్పిడి మేతలా ఉంది, తర్వాత హోటల్ ఇడ్లీ చట్నీయే ఉప్పుకషాయంలా అనిపించడం మొదలైంది.

లో సోడియం ఉప్పు కొనేముందు అడగండి, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళకీ టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకీ ఇబ్బంది. రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్ రకం మందు వాడేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు గానీ ఒకవారం అసలు లేకుండా ఇంకోవారం పూటపూటా తినడం చెయ్యకూడదు, రోజూ ఒకేలా ఉండాలి. సిగరెట్టు, ఖైనీ, గుట్కా గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

ఉపవాసాలు, దీక్షలు?

కార్తీక సోమవారాలు నేను పళ్ళు, పాలు తీసుకుని ఉంటున్నా, మాత్రలు మాత్రం టైంకి వేసుకుని. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మానేశా. మాత్ర మింగితే వ్రతభంగం అని ఎవరైనా అంటే మా పురోహితుడుగారి మాట చెప్తా, "ఔషధానికి దోషం లేదమ్మా" అన్నారాయన. షుగర్ ఉన్నవాళ్ళు, అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

బండి ఎప్పుడు నడపొచ్చు?

నాకు నెల ఆగమన్నారు. లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు చెప్పాడు, అక్కడ టీఐఏ వస్తే నెల రోజులు కారు తోలకూడదని రూలే ఉందట. లారీ, బస్సు నడిపేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆ నెల ఆటోలో వెళ్ళా, స్కూటీ మీద దుమ్ము పట్టింది, ఏం కాలేదు.

వ్యాయామం, మసాజ్?

నడక మంచిది, వారానికి 150 నిమిషాలు. ఒకేసారి అరగంట రాకపోతే పది పది నిమిషాలు నడిచినా లెక్కే. మెడ మాత్రం ఎవరితోనూ విరిపించుకోకండి. సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని టక్కుమనిపిస్తారు చూడండి, అలా తిప్పడం వల్ల మెడ నాళం లోపలి పొర చిరిగి స్ట్రోక్ రావచ్చు. మా ఆయనకి, మా వాడికి ఇద్దరికీ ఒట్టేయించుకున్నా.

భార్యాభర్తల సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది.

అడగాల్సిందే. ఒళ్ళు మామూలుగా ఉండి బీపీ అదుపులో ఉంటే చాలామందికి అభ్యంతరం ఉండదు, రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే చాలంటారు. అసలు అడ్డం భయమే, ఇద్దరిలోనూ. మా ఆయన మూడు నెలలు నన్ను గాజుబొమ్మలా చూశారు. మగవాళ్ళకి కొన్ని బీపీ మాత్రలతో ఇబ్బంది రావచ్చు, మాత్ర మానేయకుండా డాక్టర్‌కి చెప్తే వేరేది మారుస్తారు. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు వయాగ్రా రకం వేసుకుంటే ప్రాణాపాయం.

ఆడవాళ్ళకి ఇంకో మాట. గర్భం రాకుండా వాడే ఈస్ట్రోజన్ మాత్రలు గానీ నెలసరి ఆగే వయసులో ఇచ్చే హార్మోన్ మాత్రలు గానీ వాడుతుంటే టీఐఏ వచ్చిందని గైనకాలజిస్ట్‌కి తప్పకుండా చెప్పండి. రెండు డిపార్ట్‌మెంట్లు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు, మధ్యలో మోసుకెళ్ళేది మనమే.

అందరికీ చెప్పాలా, దాచాలా?

మా అత్తగారు దాచమన్నారు, "అమ్మాయికి సంబంధాలు చూడాలి, తల్లికి పక్షవాతం అని తెలిస్తే" అని. ఆవిడ భయం ఆవిడది, కోప్పడలేదు. కానీ ఆఫీసులో పక్క సీటు ఆవిడకి, మా వీధిలో ఇద్దరికి చెప్పా, ఎందుకంటే నాకు మాట పోతే 108కి ఫోన్ చెయ్యాల్సింది వాళ్ళే. అమ్మాయి అయితే "ఇది విని వెనక్కి పోయే సంబంధం పోనీ అమ్మా" అంది.

ఇన్సూరెన్స్ డబ్బులొస్తాయా?

మామూలు హెల్త్ పాలసీలో ఆసుపత్రి ఖర్చు వస్తుంది, షరతుల్ని బట్టి. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు వస్తే ఒకేసారి డబ్బిచ్చేది) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మన దేశంలో ఆ పాలసీల్లో స్ట్రోక్ అంటే శాశ్వతంగా లోపం మిగలాలి, టీఐఏని పేరు పెట్టి మరీ మినహాయించారు. మేం ఆ సంగతి క్లెయిమ్ రిజెక్టయ్యాక పాలసీ కాగితం తీసి చదివి తెలుసుకున్నాం. ఇక కొత్త పాలసీ తీసుకునేటప్పుడు ఇది దాచొద్దు, దాస్తే అసలు అవసరమైనప్పుడు మొత్తం పోతుంది.

మళ్ళీ ఆవకాయ పెట్టారా?

పోయినేడు పెట్టలేదు, బేసిన్ చూస్తేనే చెయ్యి లాగేసుకున్నా. ఈ ఏడు పెట్టాం, సగం కాయలకే, ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది కాబట్టి ఉప్పు అంతే వేసి జాడీ చిన్నది చేశాం. మా వాడు పక్కన స్టూలేసుకుని ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, అయిదు నిమిషాలకోసారి "అమ్మా, కాజా" అంటాడు, నేను "కాకినాడ కాజా" అని కలుపుతూనే ఉన్నా, ఆఖర్న విసుగొచ్చి మా అత్తగారే "అది బానే ఉంది గానీ ముందు ఆ నూనె అందుకోరా" అన్నారు.